తెర మూలన ‘వైరస్ సోకింది’ అంటూ పదే పదే వస్తోంది: ఇంట్లో బ్రౌజర్‌ను ఎలా చక్కబెట్టుకోవాలి?

ప్రశ్న: సత్యనారాయణపురం వాసి, విజయవాడ

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న ఒక్క డెస్క్‌టాప్ కంప్యూటరునే నలుగురం వాడుకుంటాం. నాన్నగారు పింఛను ఖాతా చూసుకోవడానికి, కరెంటు బిల్లు కట్టడానికి, తిరుమల దర్శనం టికెట్లకు క్రోమ్ తెరుస్తారు. అమ్మ ప్రవచనాలు వింటుంది. ఇంటర్ చదువుతున్న తమ్ముడు పాఠాలతోపాటు ఇంకా ఏవేవో చూస్తుంటాడు. కొన్నాళ్లుగా తెర కుడివైపు కింది మూలన, కంప్యూటరుకు వైరస్ సోకిందని, వెంటనే స్కాన్ చేయాలని చెప్పే చిన్న పెట్టె ఒకటి వస్తోంది. ఏ సైటూ తెరవకపోయినా వస్తోంది, మూసేస్తే ఇంకొకటి వస్తోంది. దగ్గర్లోని రిపేరు దుకాణంలో అడిగితే మొత్తం ఫార్మాట్ చేసి కొత్త యాంటీవైరస్ వేయాలన్నారు. నిజంగా అంత అవసరమా?

ఇంకో సందేహం కూడా ఉంది. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని బ్రౌజర్ అడిగినప్పుడల్లా నాన్నగారు వద్దని నొక్కి, డైరీలో రాసుకుంటారు. ఈ రెండింటిలో ఏది క్షేమమో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

ఇప్పుడే ఫార్మాట్ జోలికి వెళ్లకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది వైరస్ కాకపోవచ్చు. ఏదో ఒక సైటుకు మీ ఇంట్లో ఎవరో తెలియక ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి అయి ఉంటుంది. ఉచితంగా సినిమాలు, క్రికెట్ చూపించే సైట్లలో ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలో నొక్కండి’ అని అడుగుతారు. నొక్కిన క్షణం నుంచి ఆ సైటుకు మీ తెర మీద ఎప్పుడు కావాలంటే అప్పుడు సందేశం వేసే హక్కు వస్తుంది. క్రోమ్ కిటికీ మూసినా అది వెనకాల నడుస్తూ ఉండవచ్చు కాబట్టి, ఏమీ తెరవకపోయినా ఆ పెట్టె వస్తుంది.

ఈసారి ఆ పెట్టె వచ్చినప్పుడు కంగారుపడకుండా, దాని మీద నొక్కకుండా, అందులోని చిన్న అక్షరాలను చదవండి. క్రోమ్ పేరు, దాని పక్కనే ఒక సైటు చిరునామా కనిపిస్తాయి. నిజమైన యాంటీవైరస్ హెచ్చరికలో అలాంటి సైటు చిరునామా ఉండదు. ఆ తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాని లోపల సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా ఉంటుంది. మీకు తెలియని ప్రతి పేరునూ బ్లాక్ చేయండి. అదే పేజీలో, ఇకపై ఏ సైటూ అసలు అడగకూడదనే ఎంపిక కూడా ఉంది. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు అదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వార్తా సైట్ల నోటిఫికేషన్లు రాకపోయినంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు.

అదే ఊపులో ఎక్స్‌టెన్షన్ల, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల జాబితా కూడా చూడండి. ‘అన్ని సైట్లలో మీ డేటాను చదివి మార్చగలదు’ అనే అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ మీ బ్యాంకు పేజీని కూడా చదవగలదు. కాబట్టి ఎవరు వేశారో, ఎందుకు వేశారో ఇంట్లో ఎవరూ చెప్పలేని దాన్ని తీసేయడమే సరి.

జవాబు: మొగల్రాజపురం, విజయవాడ

పైన చెప్పినదంతా సరైనదే. నేను పాస్‌వర్డ్ల సంగతి చెబుతాను.

డైరీని చాలామంది చులకన చేస్తారు కానీ, ఎక్కడో కూర్చున్న మోసగాడు సత్యనారాయణపురంలోని బల్ల సొరుగు తెరవలేడు కదా. డైరీతో ఇబ్బంది వేరే ఉంది. అందులోంచి చూసి టైపు చేసే మనిషికి అసలు సైటూ నకిలీ సైటూ ఒకేలా కనిపిస్తాయి. రంగులు, లోగో, స్వామివారి బొమ్మ అన్నీ అచ్చు గుద్దినట్టు దింపవచ్చు. బ్రౌజర్ మాత్రం బొమ్మలు చూసి మోసపోదు, చిరునామానే చూస్తుంది. పాస్‌వర్డును ఏ చిరునామా దగ్గర దాచిందో అక్కడే నింపుతుంది. ఎప్పుడూ తనంతట తానే నిండే గడి ఒకరోజు ఖాళీగా ఉందంటే, డైరీ తీసి టైపు చేయడం కాదు, అక్కడే ఆగి పై చిరునామాను అక్షరం అక్షరం చదవాలి. పాస్‌వర్డ్ సేవ్ చేయడంలో అసలు ప్రయోజనం నాకు ఇదే అనిపిస్తుంది. జ్ఞాపకం పెట్టుకోనక్కర లేకపోవడం దాని తర్వాతి మాట.

చిరునామా చదవడానికి పద్ధతి ఉంది. మొదట్లో ‘https://’ ఉంటే దాన్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీటు (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదువుకుంటూ రావాలి. తిరుమల తిరుపతి దేవస్థానం సైటు చిరునామా ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగుస్తుంది. గవ్ డాట్ ఇన్ అనే ముగింపు ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు ఇవ్వరు. అందులోని అక్షరాలనే హైఫన్లతో కలిపి చివర డాట్ కామ్ తగిలించినవి, లేదా గవ్ డాట్ ఇన్ తర్వాత గీటుకు ముందే ఇంకో చుక్క, ఇంకో పేరు ఉన్నవి ప్రభుత్వానివి కావు. దేవస్థానం పేరుతో నకిలీ సైట్లు పుట్టడం, వాటిపై కేసులు పెట్టడం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. బ్యాంకుల విషయంలో ఇప్పుడు పని ఇంకా తేలికైంది. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ తమ సైట్లను ‘బ్యాంక్ డాట్ ఇన్’ అనే ముగింపుకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లను నమోదు చేసేది రిజర్వు బ్యాంకు నెలకొల్పిన, హైదరాబాదులో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే కాబట్టి, దారిన పోయేవారికి ఆ పేరు దొరకదు.

తాళం బొమ్మ ఉంది కదా అనే భరోసా మాత్రం వద్దు. మీకూ ఆ సైటుకూ మధ్య నడిచే సమాచారం గుప్తంగా ఉందని మాత్రమే అది చెబుతుంది, అవతల ఉన్నది ఎవరో చెప్పదు. ఆ గుర్తు రావడానికి కావలసిన సర్టిఫికెట్ నకిలీ సైట్లకు కూడా ఉచితంగా దొరుకుతోంది. ఈ అపోహ వల్లనే క్రోమ్ 2023లో తాళం బొమ్మను తీసేసి వేరే గుర్తు పెట్టింది.

జవాబు: పట్టాభిపురం, గుంటూరు

మొగల్రాజపురం వారి మాటతో నేను ఏకీభవిస్తాను కానీ, ఒక్క కంప్యూటరును నలుగురు వాడే ఇంట్లో దానికి ఒక షరతు కలపాలి. నాన్నగారు సేవ్ చేసిన పాస్‌వర్డు తమ్ముడు కూర్చున్నప్పుడూ నిండుతుంది. క్రోమ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు, దానితో బుక్‌మార్కులు, ఎక్స్‌టెన్షన్లు విడిపోతాయి. అయితే ప్రొఫైల్ అనేది పరదాయే గానీ తలుపు కాదు, ఎవరైనా ఒక్క నొక్కుతో మారిపోవచ్చు. నిజంగా వేరుచేయాలంటే విండోస్‌లోనే నాన్నగారికి విడిగా ఖాతా తెరిచి, దానికి పిన్ పెట్టండి. అందులో ఎక్స్‌టెన్షన్లేవీ లేకుండా బ్యాంకు, కరెంటు బిల్లు, దేవస్థానం పేజీలు మాత్రమే బుక్‌మార్కులుగా ఉంచితే, ఆయన గూగుల్‌లో వెతికే అవసరమే రాదు.

ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ ఒకటి తమ్ముడి ఖాతాలో ఉండటం మంచిదే. అలాంటి వాటిలో ఒకటైన యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపాన్ని క్రోమ్ 2025లో ఆపేసింది కాబట్టి అక్కడ దాని లైట్ రూపం వాడాలి. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి రూపమే పనిచేస్తోంది. ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదని కుర్రవాళ్లు అనుకుంటారు. ఆ కంప్యూటరులో చరిత్ర మిగలదన్న మాటే తప్ప, ఇంటర్నెట్ ఇచ్చేవారికి అది దాగదు.

మీది విండోస్ 10 అయితే దాని సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని గుర్తుంచుకోండి. బ్రౌజర్ కొత్తదే అయినా దాని కింద ఉన్న విండోస్ పాతబడితే ప్రయోజనం సగమే.

ప్రశ్న అడిగినవారు: సత్యనారాయణపురం

అందరికీ ధన్యవాదాలు. నోటిఫికేషన్ల జాబితాలో పేరు కూడా పలకలేని చిరునామాలు చాలానే కనిపించాయి. అన్నిటినీ బ్లాక్ చేశాక ఆ పెట్టె రావడం ఆగింది. నాన్నగారికి విడిగా ఖాతా తెరిచాం. డైరీ మాత్రం ఆయన వదలనన్నారు, సరేనన్నాం. ఇంకొక్క మాట: ఆయనకు కొరియర్ వాళ్ల కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి, పైన వచ్చిన మొదటి నంబరుకే ఫోను చేసే అలవాటుంది. అది ప్రమాదమా?

జవాబు: మొగల్రాజపురం

చాలా ప్రమాదం. పైన ‘స్పాన్సర్డ్’ అని ఉన్నది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన, డబ్బు మోసగాడి దగ్గర కూడా ఉంటుంది. నంబరును ఆ సంస్థ సొంత సైటులో నుంచో, రసీదు మీద నుంచో తీసుకోవాలి. అవతలివారు మన తెరను దూరం నుంచి చూసి నడపనిచ్చే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయమన్నా, తిరిగి ఇవ్వాల్సిన డబ్బు కోసం యూపీఐ పిన్ అడిగినా వెంటనే ఫోను పెట్టేయమనండి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు.

తమ్ముడికి కూడా ఒక సంగతి చెప్పండి. ఈ మధ్య కొన్ని పేజీలు రోబో పరీక్ష పేరుతో విండోస్ మీటనూ ఆర్ అక్షరాన్నీ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమంటున్నాయి. అలా చేస్తే ఆ పేజీ ముందే కాపీ చేసి పెట్టిన ఆదేశాన్ని మన చేతులతోనే నడిపినట్టు. అసలైన ఏ పరీక్షా అలా అడగదు. ఒకవేళ చేసేసి ఉంటే ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీసేసి, పాస్‌వర్డులను వేరే ఫోను నుంచి మార్చాలి. డబ్బు పోయిందని తెలిస్తే ముందు 1930కి ఫోను చేసి, తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఫోను ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ.