బహుపరిమాణ డేటాను రెండు అక్షాల చిత్రంగా కుదించి, దాన్ని చూసి నిర్ణయం తీసుకోవచ్చా?

మియాపూర్ విశ్లేషకుడు:
ఒక రోగనిర్ధారణ కేంద్రం డేటాపై మా బృందం పనిచేస్తోంది. ఒక్కొక్క వ్యక్తికి 40 రక్తపరీక్షల ఫలితాలున్నాయి. వాటిని టీ-స్నీ (t-SNE, ఫలితాలు దగ్గరగా ఉన్నవారిని పక్కపక్క చుక్కలుగా చూపే) పద్ధతిలో చిత్రంగా మారిస్తే ఐదు గుంపులు విడివిడిగా కనిపించాయి. దానితో ఐదు రకాల రోగులున్నారని తేల్చి, ఒక్కో రకానికి ఒక పరీక్షల ప్యాకేజీ రూపొందించాలని పై అధికారులు ప్రతిపాదించారు. చిత్రం ఒక్కటే చూసి అంత దూరం వెళ్లకూడదని నేను అభ్యంతరం చెప్పాను. అది సబబేనా?

రాజేంద్రనగర్ పరిశోధకురాలు:
మీతో పూర్తిగా ఏకీభవించలేను. వరి వంగడాల దిగుబడి, గింజ బరువు, పూత కాలం, మొక్క ఎత్తు వంటివన్నీ పట్టికలో చదివితే ఏది దేనితో ముడిపడి ఉందో అంతుపట్టదు. గణాంకవేత్త గేబ్రియల్ 1971లో ప్రతిపాదించిన బైప్లాట్‌లో వంగడాలు చుక్కలుగా, లక్షణాలు బాణాలుగా కనిపిస్తాయి. రెండు బాణాల మధ్య కోణం చిన్నదైతే ఆ లక్షణాలు కలిసి పెరుగుతున్నట్టు, ఎదురెదురుగా ఉంటే ఒకటి పెరిగినప్పుడు మరొకటి తగ్గుతున్నట్టు చూడగానే తెలుస్తుంది. ఎత్తుగా పెరిగే వరి నేలకొరుగుతుందని రైతులందరికీ తెలుసు. ఎత్తు, నేలకొరిగే గుణం బాణాలు రెండూ పక్కపక్కనే పడినప్పుడు నాకు చిత్రం మీద నమ్మకం కుదురుతుంది.

తార్నాక గణాంకవేత్త:
మీరిద్దరూ మాట్లాడుతున్నది ఒకే రకం చిత్రం గురించి కాదు. బైప్లాట్ వెనుక సాధారణంగా ఉండే పీసీఏకు (PCA, డేటాలోని వైవిధ్యాన్ని వీలైనంతగా కొన్ని అక్షాల్లోకే తెచ్చే పద్ధతికి) మూలం 1901 నాటి కార్ల్ పియర్సన్ పత్రం. అందులో ఎంత వైవిధ్యం మిగిలిందో అక్షం పక్కనే రాయగలం. ఫిషర్ 1936లో వాడిన ఐరిస్ డేటాలో 150 పూలకు 4 కొలతలుంటే, రెండు అక్షాలే 95 శాతానికి పైగా వైవిధ్యాన్ని పట్టుకుంటాయి. ఆ వాటా 30 శాతానికి పడిపోతే మాత్రం బాణాల కోణాలను కూడా నమ్మకూడదు, రాజేంద్రనగర్ గారూ.

వాన్ డెర్ మాటెన్, హింటన్ 2008లో ప్రతిపాదించిన టీ-స్నీ తీరు వేరు. ప్రతి చుక్కకూ దగ్గరి పొరుగు చుక్కలను కాపాడడమే దాని పని కనుక, గుంపుల మధ్య ఖాళీకి గానీ గుంపు వైశాల్యానికి గానీ అర్థం ఆపాదించకూడదు. పర్‌ప్లెక్సిటీని, అంటే ప్రతి చుక్కకూ సుమారు ఎన్ని పొరుగు చుక్కలను లెక్కలోకి తీసుకోవాలో చెప్పే సంఖ్యను, 5 నుంచి 50 వరకు మార్చి చూడండి. అది మరీ తక్కువైతే ఏ నిర్మాణమూ లేని యాదృచ్ఛిక సంఖ్యల్లో సైతం గుంపులు కనిపిస్తాయి. గుంపులు నిలిచినా పని పూర్తి కాదు. చుక్కలకు వయసును బట్టి, నమూనా సేకరించిన కేంద్రాన్ని బట్టి, పరీక్షించిన యంత్రాన్ని బట్టి రంగులు వేయండి. ఆ తర్వాత, పక్కన పెట్టిన కొత్త వ్యక్తుల డేటాలో, అసలు 40 కొలతల్లోనే గుంపుల మధ్య దూరం లెక్కించండి. కొలతల పరస్పర సంబంధాలను కూడా లెక్కలోకి తీసుకునే మహలనోబిస్ దూరం ఇందుకు తగినది, సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జ్‌లో పురాతన అస్థిపంజరాలను పోల్చింది దానితోనే.

మియాపూర్ విశ్లేషకుడు:
రంగులు వేసి చూశాను. రెండు గుంపులు యంత్రం మార్చిన తేదీకి ముందు, ఆ తర్వాత వచ్చిన నమూనాలుగా విడిపోయాయి. మూడవది అధిక గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు చక్కెర స్థాయిని తెలిపే పరీక్ష) ఉన్నవారిది, అంటే మధుమేహ లక్షణాలున్నవారిది. దానికి చిత్రమే అక్కరలేదు. మిగతా రెండూ పర్‌ప్లెక్సిటీ పెంచగానే కలిసిపోయాయి. ప్యాకేజీల ప్రతిపాదనను ఆపమని ఈ చిత్రాలన్నీ జతచేసి రాశాను.

రాజేంద్రనగర్ పరిశోధకురాలు:
యంత్రం తేడాను బయటపెట్టింది కూడా చిత్రమే కదా! పట్టికలో వెతికి ఉంటే అది ఎప్పటికి దొరికేది? ఆ మేరకు నా మాట మీదే నిలబడతాను. అక్షాల శాతాలు రాయని పాత బైప్లాట్లు మా దగ్గర ఉన్నాయి. వాటన్నిటికీ మళ్లీ లెక్క వేస్తున్నాను.