చేసానా, చేశానా?

నిన్న ఒక తమ్ముడు "చేసాను" అని రాస్తే ముగ్గురు పెద్దలు వరసపెట్టి దిద్దేశారు, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. "వ్యాకరణం ప్రకారం శ" అట. ఏ వ్యాకరణమండీ? బాలవ్యాకరణం తిరగేస్తే "చేసెను" దారిలోకి తీసుకెళ్తుంది గానీ "చేశాను" దగ్గరికి కాదు, చిన్నయసూరి రాసింది గ్రాంథికానికి.

కారణం నోట్లో ఉంది. అసలు మాట చేసినాను. మధ్యలో ఇకారం జారిపోయింది, పోతూ పోతూ "స"ని "శ" చేసి పోయింది. నమ్మకపోతే "చాప" అని పైకి అనండి, వెంటనే "వచ్చాను" అనండి. చాపలో చ పళ్ల దగ్గర పలుకుతుంది, వచ్చానులో చిలకలోని చ లాగా పలుకుతుంది, ఎందుకంటే అది ఒకప్పుడు వచ్చినాను. ఆ తర్వాతి దీర్ఘం కూడా అచ్చంగా "ఆ" కాదు, బ్యాంకు అన్నప్పుడు వచ్చే అచ్చు, దానికి మన దగ్గర అక్షరమే లేదు. సీమలో చేసినాడు, తెలంగాణలో చేసిండు అంటారు చూడండి, అక్కడ ఇ పోలేదు, స కూడా మారలేదు.

అందుకే నేను శ రాస్తాను. "చేసాను" రాసేవాళ్ల జోలికి మాత్రం వెళ్లను, చదివేవాళ్లు ఎలాగూ శ అనే చదువుకుంటారు, అర్థం ఎక్కడికీ పోదు. ఒకే పేరాలో రెండూ కనిపిస్తేనే కాస్త చిరాకు.

దిద్దాలని చేతులు దురద పెడితే "అర్ధం కాలేదు" దగ్గర మొదలుపెట్టండి. అర్ధం అంటే సగం, థ కడుపులో చుక్క ఉండాలి. మొన్న "అన్నదమ్ముల మద్య గొడవ" అని చదివి మందు గొడవేమో అనుకున్నా, తీరా చూస్తే పొలం గట్టు గొడవ!

↳ మరి బండి ఱ సంగతేంటి అన్నా? అదీ అర్థం మారుస్తుందిగా. చెట్టుకుండేది వేరు, విడిగా అనడానికి వేఱు.

↳ మారుస్తుంది తమ్ముడూ, కాదనను. కానీ "వేరు కాపురం పెట్టారు" అంటే చెట్టు మొదట్లో పెట్టారని ఎవరూ అనుకోవట్లేదు కదా. పలుకులో తేడా మనలో చాలామందికి ఎప్పుడో పోయింది, పక్కమాట చూసుకుని చదివేస్తున్నాం. పద్యం రాస్తున్నావా, అయితే వేరే లెక్క, ప్రాసలో ర, ఱ కలిపావంటే అక్కడి పెద్దలు నిన్ను వదలరు.