ఫ్రీ డిష్‌లో వచ్చే కచేరీని కంప్యూటర్‌లో ఉన్నది ఉన్నట్టుగా రికార్డు చేయడం ఎలా?

తెనాలి మృదంగం:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు మృదంగ విద్వాంసులు. 1980లలో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రంలో కొన్ని కచేరీలకు పక్కవాద్యం వాయించారు. ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీయే లేదు కనుక ఆయన తనను తాను తెర మీద ఒక్కసారి కూడా చూసుకోలేదు. గత నెలలో ఒక రాత్రి డీడీ యాదగిరిలో పాత కచేరీ ఒకటి వస్తుండగా, అందులో ఉన్నది నాన్నగారేనని అమ్మ గుర్తుపట్టింది. గబగబా ఫోన్ తీసి టీవీ తెరను వీడియో తీశాను. తెర మీద ట్యూబులైటు వెలుగు పడింది, బొమ్మ అంతటా అలల్లాంటి చారలు వచ్చాయి, తనియావర్తనం (మృదంగం ఒక్కటే మోగే భాగం) నడుస్తున్నంతసేపూ ఫ్యాను చప్పుడే వినిపిస్తోంది.

ఆ తరువాత ఒక దుకాణంలో యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కొని, సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే పసుపు, ఎరుపు, తెలుపు వైర్లను దానికి కలిపి వేరే కార్యక్రమంతో ప్రయత్నించాను. రంగులు వెలిసిపోయినట్టు వచ్చాయి. ఇరవై నిమిషాలు గడిచేసరికి దరువు ముందు వినిపించి, చేయి తరువాత కదులుతోంది. మృదంగానికి అది ఎంత ఇబ్బందో మీకు చెప్పనక్కరలేదు.

మా ఇంట్లో డీడీ ఫ్రీ డిష్, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, అందులో ఉబుంటు ఉన్నాయి. ప్రసారాన్ని నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకునే మార్గం ఉందా? ఎంత స్థలం పడుతుంది? హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంట్లో ఉన్న ప్రైవేటు డీటీహెచ్ నుంచి కూడా ఇలా రికార్డు చేయవచ్చా? రికార్డు చేసినది బంధువులకు పంపినా, యూట్యూబ్‌లో పెట్టినా తప్పవుతుందా?

పాత డిష్:

ముందుగా నాన్నగారికి నా నమస్కారాలు తెలియజేయండి. మీరు అడిగిన మార్గం ఉంది, పైగా మీ ఇంట్లో ఉన్నది ఫ్రీ డిష్ కావడం మంచిదైంది.

డిజిటల్ ప్రసారం మీ డాబా మీది డిష్ దగ్గరికి వచ్చేసరికే కుదించిన వీడియోగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు దానిని విప్పి, బొమ్మగా మార్చి, ఆ మూడు వైర్ల కోసం అనలాగ్‌లోకి దించుతుంది. మీరు కొన్న పరికరం ఆ అనలాగ్ సిగ్నల్‌ను మళ్లీ డిజిటల్ చేసి మళ్లీ కుదిస్తుంది. రంగులు పోవడానికి కారణం ఈ రెండో వంటే. బొమ్మను, ధ్వనిని వేర్వేరు గడియారాల మీద నడిపించే చౌక పరికరాలలో దరువు, చేయి విడిపోవడం కూడా మామూలే. కాబట్టి బొమ్మను పట్టుకోవద్దు, ప్రవాహాన్నే పట్టుకోండి. అందుకు కావలసింది డీవీబీ-ఎస్2 ట్యూనర్, అంటే ఉపగ్రహ డిజిటల్ ప్రసారాన్ని కంప్యూటర్‌లోకి తీసుకునే పరికరం. ల్యాప్‌టాప్ కనుక యూఎస్‌బీది తీసుకోండి. అది పాత డీవీబీ-ఎస్ ప్రసారాలను కూడా అందుకుంటుంది. దుకాణంలో కేవలం టీవీ ట్యూనర్ అని అడిగితే కేబుల్‌కో, యాంటెన్నాకో పనికివచ్చేది ఇస్తారు. ఎస్2 అన్న అక్షరాలు డబ్బా మీద చూసి, లైనక్స్ డ్రైవరు ఉన్నదో లేదో నిర్ధారించుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి.

ట్యూనర్ చేసే పని చాలా చిన్నది. ఉపగ్రహం నుంచి వచ్చే ప్రవాహం 188 బైట్ల ప్యాకెట్లుగా ఉంటుంది. ప్రతి ప్యాకెట్ మీదా అది ఏ ఛానెల్ బొమ్మకు లేదా ఏ ఛానెల్ ధ్వనికి చెందినదో తెలిపే సంఖ్య ఉంటుంది. సాఫ్ట్‌వేరు మీకు కావలసిన సంఖ్యలున్న ప్యాకెట్లను ఏరి డిస్కు మీద రాస్తుంది, అంతే. విప్పడం గానీ కుదించడం గానీ ఉండదు కనుక మీ పాత ల్యాప్‌టాప్‌కు అది ఏమాత్రం బరువు కాదు. ధ్వనికి, బొమ్మకు కాలముద్రలు ప్రసార కేంద్రమే వేసి పంపుతుంది కాబట్టి దరువు తప్పదు.

స్థలం లెక్క కూడా సులువే. ఒక ఛానెల్ సెకనుకు 3 మెగాబిట్ల చొప్పున వస్తే గంటకు సుమారు 1.35 జీబీ అవుతుంది.

ఇక అమరిక. ఫ్రీ డిష్ ఛానెళ్లు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తాయి. మీ డిష్ ఇప్పటికే అటు తిరిగి ఉంది కనుక దానిని కదిలించకండి. టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసి, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే భాగం) రకం దగ్గర యూనివర్సల్ అని ఎంచుకోండి. ఉదాహరణకు 11090 మెగాహెర్ట్జ్, వర్టికల్ (తరంగం నిలువుగా కంపించే రకం), సింబల్ రేటు (డేటా వచ్చే వేగం) 29500 అని ఇస్తే, ఎల్‌ఎన్‌బీ అందులోంచి 9750 తీసివేసి 1340 మెగాహెర్ట్జ్‌గా మీ కేబుల్‌లోకి పంపుతుంది. ఇలా ఒక్కొక్క ట్రాన్స్‌పాండరూ (కొన్ని ఛానెళ్లను కలిపి ఒకే ఫ్రీక్వెన్సీ మీద పంపే ఉపగ్రహ విభాగం) చేర్చి స్కాన్ చేస్తే ఛానెళ్ల పేర్లు వాటంతట అవే వస్తాయి. ఒకే ట్రాన్స్‌పాండరు మీద ఉన్న ఛానెళ్లను ఎన్నింటినైనా ఒక్క ట్యూనర్‌తో ఏకకాలంలో రికార్డు చేయవచ్చు.

తెరలో కనిపించే కార్యక్రమ పట్టికను నమ్ముకోకండి. టైమరును చేత్తో పెట్టి, ముందు పది నిమిషాలు, వెనుక అరగంట అదనంగా ఇవ్వండి. మంగళం మధ్యలో ఆగిపోయిన రికార్డులు నా దగ్గర రెండు ఉన్నాయి, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ల్యాప్‌టాప్ మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగు మార్చడం మరువకండి.

రెండో అంతస్తు:

పై వివరణకు ఒక్క సవరణ చేర్చాలి. డిష్ నుంచి వచ్చే ఒకే కేబుల్‌ను మామూలు స్ప్లిటరుతో చీల్చి బాక్సుకు, ట్యూనర్‌కు కలపవద్దు. ఎల్‌ఎన్‌బీకి విద్యుత్తు ఆ కేబుల్‌లోనే పైకి వెళ్తుంది. 13 వోల్టులు వెళ్తే వర్టికల్‌ను, 18 వెళ్తే హారిజాంటల్‌ను అది అందుకుంటుంది. రెండు పరికరాలు వేర్వేరు వోల్టేజీలు పంపితే ఒకదానికి సిగ్నల్ పోతుంది. రెండు అవుట్‌పుట్లున్న ఎల్‌ఎన్‌బీ వేయించి, ట్యూనర్‌కు విడిగా కేబుల్ దించుకోండి.

తమ్ముడిగారి ఇంటి సంగతి వేరు. ప్రైవేటు డీటీహెచ్ ప్రసారాలకు తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి వారి బాక్సుకే పరిమితం. మామూలు ట్యూనర్‌తో ఆ ప్యాకెట్లను డిస్కు మీదికి తెచ్చుకున్నా బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ నుంచి తీసుకుందామన్నా కాపీ రక్షణ ఉంటే నల్లతెర వస్తుంది. డీడీ యాదగిరి ఫ్రీ డిష్‌లోనే ఉన్నప్పుడు ఆ శ్రమ మీకు అవసరం లేదు.

గుంటూరు వకీలు:

మీ చివరి ప్రశ్నకు సమాధానం. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 37వ సెక్షను ప్రసార సంస్థలకు తమ ప్రసారంపై ప్రత్యేక హక్కు ఇస్తోంది. ఆ హక్కు 25 ఏళ్లు ఉంటుంది. అయితే 39వ సెక్షను, రికార్డు చేసుకునే వ్యక్తి తన సొంత వినియోగానికి చేసుకున్న రికార్డింగును, అలాగే నిజమైన బోధన లేదా పరిశోధన కోసం మాత్రమే చేసుకున్నదానిని ఉల్లంఘనగా చూడదు. కనుక మీరు ఇంట్లో రికార్డు చేసుకుని నాన్నగారికి చూపించడంలో ఏ తప్పూ లేదు. యూట్యూబ్‌లో పెట్టడం సొంత వినియోగం కిందికి రాదు. బంధువులందరికీ ఫైలు పంచడం కూడా ఆ సెక్షను మాటలలో ఇమడదు, వారిని ఇంటికి పిలిచి చూపించడమే మేలు. నాన్నగారు అందులో వాయించినంత మాత్రాన ఆ ప్రసారంపై హక్కు మీ కుటుంబానిది కాదన్నది కూడా గుర్తుంచుకోండి. బహిరంగంగా ఉంచాలనుకుంటే దూరదర్శన్ కేంద్రాన్ని లిఖితపూర్వకంగా అనుమతి కోరండి.

తెనాలి మృదంగం:

అందరికీ కృతజ్ఞతలు. రెండు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీ వేయించి, ట్యూనర్ తెప్పించి మూడు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. మొదటి వారంలో ఒక సాయంత్రం జోరువాన పడి, ఆ రికార్డులో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగింది, టీవీహెడ్‌ఎండ్‌లో డేటా లోపాల సంఖ్య వేలల్లో చూపించింది. వాన లేని రోజుల్లో ఆ సంఖ్య సున్నాయే. మొన్న అదే కచేరీ మళ్లీ వచ్చింది, ఆ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంది. గంటా పది నిమిషాల ఫైలు, ఒక్క లోపం కూడా లేదు. నాన్నగారు రెండుసార్లు చూశారు. రెండోసారి తనియావర్తనం దగ్గర ఆపించి, తన ఎడమచేతి వేళ్లను చాలాసేపు చూశారు.

ఇంకొక్క సందేహం. ఫైలు టీఎస్ రూపంలో (ప్రసారపు ప్యాకెట్లు ఉన్నవి ఉన్నట్టుగా) ఉంది. ఎమ్‌పీ4గా మార్చి దాచాలా?

పాత డిష్:

చాలా సంతోషం. మార్చవద్దు. ఆ టీఎస్ ఫైలే మీ మూల ప్రతి, దానిని అలాగే రెండు వేర్వేరు డిస్కులలో ఉంచండి. ఫోన్‌లో చూసుకోవడానికి కావాలంటే దాని నుంచి వేరే ప్రతి తయారు చేసుకోండి. ముందూ వెనుకా ఉన్న అదనపు నిమిషాలను కత్తిరించేటప్పుడు అవిడీమక్స్ అనే వీడియో కత్తిరింపు సాఫ్ట్‌వేరులో బొమ్మకూ ధ్వనికీ రెండింటికీ కాపీ అన్నదే ఎంచుకోండి. కోత కీఫ్రేము (పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేము) దగ్గరే పడాలి కనుక శ్రుతి చూసుకుంటున్న ఆ కొద్ది సెకన్లు ముందు మిగిలితే మిగలనివ్వండి.