కేజ్ వారియర్స్ బెల్టు కొట్టాక ఐర్లండ్ ఫైటర్ ఎటు పోవాలి?

అలిపిరి కుర్రోడు, తిరుపతి:
జిమ్‌లో రోజూ ఇదే రచ్చ. ఐర్లండ్ ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ కలిసిన ఆట) ఫైటర్లు మెక్‌గ్రెగర్, ఇయాన్ గ్యారీ ఇద్దరూ యూరప్ సంస్థ కేజ్ వారియర్స్‌లో ఛాంపియన్ బెల్టు కొట్టి నేరుగా అన్నిటికన్నా పెద్దదైన యూఎఫ్‌సీకి పోయిరి. అదే బెల్టు కొట్టిన పాల్ హ్యూస్ మాత్రం 2024లో దాని పోటీ సంస్థ పీఎఫ్‌ఎల్‌కి ఎందుకు పోయినట్టు? ఆసియాలోని వన్ ఛాంపియన్‌షిప్ పనికిరాదా? మన అన్షుల్ జుబ్లీ మాదిరి, గెలిస్తే యూఎఫ్‌సీ కాంట్రాక్టు ఇచ్చే రోడ్ టు యూఎఫ్‌సీ టోర్నీలో ఆడితే?

గాంధీరోడ్డు గ్రాప్లర్, చిత్తూరు:
రోడ్ టు యూఎఫ్‌సీ ఆసియా-పసిఫిక్ వాళ్లకే సామీ. ఐరిష్ వాళ్లకు లాస్ వేగాస్‌లో యూఎఫ్‌సీ ఎంపిక పోటీ, కంటెండర్ సిరీస్ ఉంది. అక్కడ గెలిచినా కాంట్రాక్టు గ్యారంటీ లేదు, యూఎఫ్‌సీ అధిపతి డానా వైట్‌కి ఆట నచ్చాలి.

హ్యూస్ లెక్క వేరు. మొదటి ఫైటు పీఎఫ్‌ఎల్ చేతిలోని బెలటార్ అనే సంస్థలో, రెండోది పేరున్న ఏజే మెక్‌కీతో, మూడోది 2025 జనవరిలో దుబాయ్‌లో ఉస్మాన్ నుర్మగొమెదోవ్‌తో టైటిల్ ఫైట్. ఓడినాడు, అయినా కొత్తగా వచ్చినోడికి యూఎఫ్‌సీలో మూడో ఫైటుకే టైటిల్ ఫైట్ ఎవరిస్తారు?

బరువు కోత బాధితుడు, తిరుపతి:
వన్‌లో అసలు మెలిక బరువు. యూఎఫ్‌సీ ఫెదర్‌వెయిట్ 145 పౌండ్లు, అంటే 65.8 కిలోలు. వన్‌లో అదే పేరుకు 155, అంటే 70.3 కిలోలు. తూకంతోపాటు మూత్ర పరీక్ష కూడా పెడతారు, సాంద్రత 1.025 దాటకూడదు. ఆవిరి గదిలో కూచొని నాలుగైదు కిలోల నీళ్లు కార్చే అలవాటుంటే అక్కడే దొరికిపోతాడు. పైగా కింద పడినోడి తలకు మోకాలి దెబ్బ అక్కడ చెల్లుతుంది. తాబేలు మాదిరి ముడుచుకుని లేచేవాళ్లు ముందు ఆ అలవాటు మానాల.

గాంధీరోడ్డు గ్రాప్లర్:
ఇంకోటి. సంతకం పెట్టేముందు ప్రత్యేక హక్కుల నిబంధన (వేరే సంస్థలో ఆడకూడదనే షరతు) చూడాల. బెల్టు గెలిస్తే కాంట్రాక్టు దానంతటదే పెరిగే షరతు ఉంటే, యూఎఫ్‌సీ పిలిచినా కదల్లేడు. 2023లో బెలటార్‌ను పీఎఫ్‌ఎల్ కొనేసినట్టు సంస్థే చేతులు మారితే ఏం చెయ్యాలో కూడా అందులోనే రాయించుకోవాల.