హోంలో కొత్తగా చేరిన కేర్‌టేకర్‌ని. వాళ్ల ఆరోగ్యం విషయంలో నేనేం చేయగలను?

గోదావరి_కేర్‌టేకర్:
అందరికీ నమస్కారం. మానసిక దివ్యాంగులైన పెద్దవాళ్లు ఉండే హోంలో ఈమధ్యే చేరాను. స్నానం, భోజనం, మందులు, రాత్రి కాపలా అన్నీ మా పనే. ఒకాయనకి మాటలు రావు. కొన్నాళ్లుగా కంచం ముందు కూర్చోగానే కుడి చెంప మీద కొట్టుకుంటున్నాడు. ఇంకొకాయనకి డౌన్ సిండ్రోమ్, వయసు ముప్పై పైనే. వచ్చినవాళ్లందరినీ గుమ్మంలోనే పలకరించే మనిషి ఇప్పుడు పగలంతా మంచం దిగడం లేదు, ఒళ్లు కూడా వస్తోంది. "వాళ్లంతే, మొండి చేస్తారు, మాత్ర డోసు పెంచమని అడుగుదాం" అంటున్నారు పైవాళ్లు. నాకు మనసొప్పడం లేదు. నేను నర్సుని కాదు, ఇంటర్ చదివాను. ఏం చేయమంటారు?

సికింద్రాబాద్_అక్క:
చెల్లీ, రోజూ స్నానం చేయించేది, అన్నం తినిపించేది నువ్వు. డాక్టర్ చూసేది ఐదు నిమిషాలే. అందుకే నీకు కనిపించింది డాక్టర్‌కి చేరాలి. ఈ పనిలోనే నా జుట్టు నెరిసింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను: మాట రానివాళ్లు ఉన్నట్టుండి కొట్టుకోవడం మొదలుపెడితే ముందు నొప్పి ఎక్కడుందో వెతకాలి. నొప్పి లేదని తేలాకే ప్రవర్తన సంగతి. ముందే డోసు పెంచితే మనిషి మత్తుగా పడి ఉంటాడు, నొప్పి అలాగే ఉంటుంది.

అన్నం దగ్గరే, అదీ ఒకే చెంప అంటే నేనైతే నోరు చూస్తాను. అద్దం ముందు కూర్చోబెట్టి, నువ్వు వెనకాల నిలబడి, గడ్డం కింద చెయ్యి ఆన్చు. పెదవి మెల్లగా పక్కకి లాగి సెల్‌ఫోన్ లైటు వెయ్యి. చివరి పళ్ల దగ్గర చిగురు వాచిందా, పన్ను నల్లబడిందా, వాసన వస్తోందా చూడు. ఫిట్స్‌కి ఎప్టాయిన్ వాడేవాళ్లలో కొందరికి చిగుళ్లు పెరిగి పళ్ల మీదకి వచ్చేస్తాయి. అలాగని ఆ మాత్ర మీరు ఆపకూడదు, ఫిట్స్ తిరగబెడతాయి. డాక్టర్‌కి చెప్పండి. నోట్లో ఏమీ కనిపించకపోయినా డెంటిస్టుకి చూపించండి, చెవి కూడా చూపించండి. గుబిలి గట్టిపడినా, లోపల చీము పట్టినా నమిలేటప్పుడు నొప్పి పుడుతుంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్నాయనకి థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించారో ఫైల్లో చూడు. వాళ్లలో థైరాయిడ్ తగ్గడం బాగా ఎక్కువ, ఏటా చేయించాల్సిన పరీక్ష అది. నీరసం, ఒళ్లు రావడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, అన్నీ దాని లక్షణాలే. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందా? నైట్ డ్యూటీలో పక్కన కూర్చుని విను. వినికిడి, చూపు కూడా పరీక్ష చేయించండి.

మోషన్ సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు కోపం వచ్చేది అక్కడే. మా దగ్గర ఒకమ్మాయి రాత్రిళ్లు గోడకి తల బాదుకునేది. రిజిస్టర్ తిరగేస్తే వారం పైగా మోషన్ అయినట్టు ఎక్కడా లేదు. పొట్ట మీద చెయ్యి వేస్తే రాయిలా ఉంది. డాక్టర్ ఎనిమా ఇప్పించాక ఆ రాత్రి నిద్రపోయింది. మానసిక సమస్యలకి వాడే కొన్ని మందులు, వాటితో పాటు వణుకు తగ్గడానికి ఇచ్చే పేసిటేన్ లాంటివి మలబద్ధకం తెస్తాయి. ముదిరితే పేగు మూసుకుపోయి ప్రాణం మీదకి వస్తుంది. మోషన్ అయిందో లేదో రోజూ రిజిస్టర్‌లో రాసిపెట్టు, మంచినీళ్లు నువ్వే గుర్తుచేసి తాగించు.

డాక్టర్ దగ్గర "బాగోలేదు సార్" అంటే ఆయనకి ఏం తెలుస్తుంది? "అన్నం నమిలేటప్పుడే కొట్టుకుంటున్నాడు, కుడిపక్కే, మెత్తటి పెరుగన్నమైతే తింటున్నాడు" అని చెప్పు. వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లు.

బెజవాడ_అమ్మ:
మా అబ్బాయికి ఇరవై ఆరు. సికింద్రాబాద్ అక్క చెప్పినవాటికి ఖర్చు సంగతి కలుపుతాను. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉందో లేదో అడగండి. లక్ష రూపాయల వరకు వస్తుంది, ఓపీ ఖర్చులకీ పనికొస్తుంది, చేరడానికి ముందస్తు వైద్య పరీక్షలు ఉండవు. ఏటా రెన్యూ చేయించాలి, చాలామంది మర్చిపోయేది అదే. ఇంకోటి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్‌లో వైద్యంలో ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. గంటలకొద్దీ క్యూలో కూర్చోబెడితే మావాడు కేకలు పెడతాడు, అప్పుడు ఏ డాక్టరూ పరీక్ష చేయలేడు. కౌంటర్‌లో యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) చూపించి, ఆ సెక్షన్ పేరు చెప్పి అడగండి.

లీడ్స్_నుంచి:
నేను ఇంగ్లండ్‌లో సపోర్ట్ వర్కర్‌ని. ఇక్కడ ఇలాంటివాళ్లకి 14 ఏళ్ల నుంచి ఏడాదికోసారి డాక్టర్ దగ్గర ఉచితంగా పూర్తి పరీక్ష ఉంటుంది. 'హాస్పిటల్ పాస్‌పోర్ట్' అని చిన్న ఫారం కూడా నింపి పెడతాం. నొప్పి వస్తే ఈయన ఎలా చూపిస్తాడు, మాత్ర ఎలా మింగుతాడు, దేనికి భయం, ఏ మందు పడదు, అంతా అందులోనే. తెలుగులో మీరే రాసి ఫైలు మొదటి పేజీగా పెట్టుకోవచ్చు. డ్యూటీ మారినా ఆ కాగితం మారదు.

గోదావరి_కేర్‌టేకర్:
లైటు వేసి చూశాను అక్కా. కుడిపక్క కింద చివరి పన్ను పుచ్చిపోయింది, చిగురు వాచి ఉంది. థైరాయిడ్‌కి రేపు రక్తం ఇప్పిస్తామన్నారు. కానీ డెంటిస్టు కుర్చీ చూస్తే ఈయన పారిపోతాడట. ఇదివరకు నలుగురు పట్టుకున్నారట.

సికింద్రాబాద్_అక్క:
పట్టుకోనివ్వకు. చెంప బయటికి వాచినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆ రోజే తీసుకెళ్లాలి. అవేవీ లేకపోతే ముందు నువ్వొక్కదానివే వెళ్లి డాక్టర్‌తో మాట్లాడు, పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ అడుగు. మొదటిసారి కుర్చీలో కూర్చుని లేచి వచ్చేస్తే చాలు. ఆయన రోజూ వాడే తువ్వాలు తీసుకెళ్లు, నోట్లో పెట్టే అద్దం ముందు ఆయన చేతికే ఇవ్వమను. అయినా కుదరకపోతే మత్తు ఇచ్చి చేసే పెద్దాసుపత్రికి రాయించుకోండి. ఈలోపు నొప్పి మాత్ర ఏది ఇవ్వాలో ఇవాళే ఫోన్ చేసి డాక్టర్‌ని అడుగు. అన్నం మెత్తగా కలిపి, గోరువెచ్చగా, ఎడమపక్క పెట్టు.