మెదక్ చర్చి: డ్రాయింగ్ విద్యార్థులకు ఏ వేళలో, ఏ వరసలో చూపించాలి?

విజయనగరం_కుంచె:
విజయనగరం నుంచి ఇరవై మంది డ్రాయింగ్ విద్యార్థులను మెదక్ చర్చికి తీసుకెళ్లాలి. రాత్రి రైలెక్కి పొద్దున సికింద్రాబాద్‌లో దిగి, చర్చి చూసి ఆ రాత్రికే తిరుగు రైలు అందుకోవాలని అనుకుంటున్నాం. కుదురుతుందా? రంగుటద్దాల కిటికీలు ఏ వేళలో బాగా కనిపిస్తాయి? లోపల పిల్లల చేత ఏం గీయించాలి? ఈ కట్టడం తెలిసినవారు వివరంగా చెప్పండి.

ఆమదాలవలస_జంక్షన్:
ఒక్క రోజులో కుదరదండి. ఫలక్‌నుమా లాంటి రాత్రి బండిలో వెళ్లినా, సికింద్రాబాద్ స్టేషన్ నుంచి మూడు కిలోమీటర్ల దూరంలోని జూబ్లీ బస్టాండుకు చేరి, అక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్లు బస్సులో పోవాలి. మెదక్‌లో దిగేసరికి మధ్యాహ్నమవుతుంది. మన వైపు నేరుగా వచ్చే తిరుగు బళ్లు చాలావరకు సాయంత్రమే బయల్దేరతాయి. మెదక్‌లో ఒక రాత్రి ఉండేలా వేసుకోండి. కిటికీల కోసమైనా అది తప్పదు, కారణం కింద ఎవరైనా రాస్తారు. ఆదివారం, క్రిస్మస్ వారం, గుడ్ ఫ్రైడే వద్దు. ఆ రోజుల్లో అది ఆరాధన స్థలం, స్కెచ్‌బుక్కులు పరుచుకునే చోటు కాదు. బడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి, బొమ్మలు గీయడానికీ ఫోటోలకూ ముందే అనుమతి తీసుకోండి.

ముఖలింగం_రాయి:
మాస్టారూ, మెదక్ కంటే ముందు పిల్లలకు శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం గుళ్లు చూపించండి. ఊరి మొదట్లోనే సోమేశ్వరాలయం ఉంటుంది. ముందు మండపం లేదు కాబట్టి శిఖరం అడుగు నుంచి కొస దాకా ఒక్క చూపులో దొరుకుతుంది. అక్కడ రాయి మీద రాయిని కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పేర్చి శిఖరాన్ని మూశారు. బరువంతా నిలువుగా కిందికే దిగుతుంది. అందుకే గోడ అంత మందం, గర్భగుడి అంత చీకటి. పెద్ద కిటికీ తెరిస్తే గోడ బలం పోతుంది. వెలుతురు లోపలికి రాదు కాబట్టి శిల్పమంతా వెలుతురున్న చోటికి, అంటే బయటి గోడకూ గుమ్మానికీ వచ్చింది.

మెదక్‌లో ఇదంతా తిరగబడుతుంది. గోథిక్ పద్ధతిలో, అంటే మధ్యయుగాల యూరప్ చర్చిల పద్ధతిలో, మొనదేలిన కమాను బరువును పక్కలకు తోస్తుంది. ఆ తోపును కొన్ని చోట్ల మాత్రమే ఊత గోడలతో ఆపితే మధ్య గోడకు పెద్దగా పని ఉండదు. ఆ ఖాళీలోకే గాజు వచ్చింది. కాబట్టి ఇక్కడ బొమ్మ లోపల నిలబడి చూసేవాళ్ల కోసం. పిల్లల్ని లోపలికి నేరుగా తీసుకెళ్లకండి. ముందు బయట ఒక చుట్టు తిప్పి, గోడకు ఊత ఎక్కడుందో, కిటికీ ఎక్కడుందో నేల ప్లాను మీద గుర్తు పెట్టించండి. ప్లాను శిలువ ఆకారం, కొలతలు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గోపురం 175 అడుగులు, మన విజయనగరం గంటస్తంభానికి సుమారు రెండున్నర రెట్లు. ఈ పోలిక చెబితే పిల్లలకు ఎత్తు వెంటనే తెలుస్తుంది.

కమాను గీయడంలోనే ఎక్కువ మంది తప్పుతారు. అర్ధవృత్తం గీసి పైన మొన తగిలిస్తారు. అలా కాదు. అడుగు వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకోండి. ఎడమ అంచున కంపాస్ మొన పెట్టి 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో కుడి వైపు చాపం, కుడి అంచున పెట్టి ఎడమ వైపు చాపం గీస్తే రెండూ పైన కలుస్తాయి. అది సమబాహు కమాను. వ్యాసార్ధం వెడల్పు కంటే ఎక్కువైతే కమాను సన్నగా పైకి లేస్తుంది, తక్కువైతే కూర్చున్నట్టుంటుంది. చర్చిలో ఏ కమాను ఏ రకమో కంటితో పోల్చి రాయమనండి. ఈ ఒక్క పనికే గంట పడుతుంది, పట్టనివ్వండి.

సీసం_పట్టీ:
కిటికీల సంగతి నేను చెబుతాను. మూడున్నాయి. బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, శిలువ చేతుల్లాంటి రెండు పక్కల జననం, శిలువ మరణం. మూడింటి రూపకర్త లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. పోర్ట్రెయిట్లకు పేరుమోసినవాడు, పని నేర్చుకున్నది మాత్రం అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో. ముఖాల్లో ఆ రెండు చేతులూ కనిపిస్తాయి. కట్టడం 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది, కానీ అప్పటికి ఈ కిటికీలు లేవు. ఆరోహణం 1927లో, జననం 1947లో, శిలువ 1958లో వచ్చాయి. మొదటిదానికీ చివరిదానికీ 31 ఏళ్ల తేడా ఉంది కాబట్టి గీతలో, రంగులో ఏం మారిందో వెతకమనండి.

పక్క కిటికీలు రెండూ ఎదురెదురుగా ఉంటాయి. పొద్దున ఒకదాని మీద, సాయంత్రం రెండోదాని మీద ఎండ పడుతుంది. రంగు చూడాలంటే ఎండ తగిలే వేళ. గీత చూడాలంటే ఎండ లేని వేళ, ఎందుకంటే నేరుగా ఎండ కొడితే లేత గాజు మెరిసిపోయి పక్కనున్న సన్నని గీతను మింగేస్తుంది. ఒక సాయంత్రం, ఒక ఉదయం ఉంటే రెండు కిటికీలకూ రెండు వేళలూ దొరుకుతాయి. పొద్దుగుంకాక లోపలి నుంచి నల్లటి పలకలే కనిపిస్తాయి.

“గాజు మీద రంగు వేశారు” అని పిల్లలకు చెప్పకండి. గాజు కరిగేటప్పుడే లోహం కలుపుతారు. నీలానికి కోబాల్ట్, ఎరుపుకి రాగి లేదా బంగారం. కుంచె పని ముఖాలకూ, వేళ్లకూ, బట్టల మడతలకే. ఇనుప ఆక్సైడూ గాజు పొడీ కలిపిన ముదురు రంగుతో గీసి, 600 డిగ్రీలు దాటించి కాలిస్తే అది గాజుకు అంటుకుపోతుంది. వెండి లవణం పూసి కాలిస్తే పసుపు.

ఇంకొకటి. నల్లగీతలన్నీ బొమ్మలో భాగం కావు. ఆకారం అంచు వెంట వంపు తిరిగేవి ముక్కల్ని పట్టుకునే సీసపు పట్టీలు. తిన్నగా, సమాన దూరంలో అడ్డంగా పోయేవి గాలికి కిటికీ ఉబ్బకుండా కట్టిన కడ్డీలు. సీసం మెత్తన, ఏళ్ల తరబడి ఎండకి సాగి మళ్లీ ముడుచుకుంటూ అలిసిపోతుంది. ఏ కిటికీలోనైనా చెంప మీదో మెడ మీదో అసందర్భంగా గీత పోతే అది పగిలిన ముక్కకి వేసిన అతుకు కావచ్చు. స్కెచ్‌లో పట్టీకి మందపు గీత, కుంచె పనికి సన్న గీత, కడ్డీకి చుక్కల గీత వాడమనండి. 8 రెట్ల బైనాక్యులర్ ఒక్కటైనా ఉండాలి, కింద నుంచి కంటికి కుంచె పని అందదు.

విజయనగరం_కుంచె:
చాలా మేలు చేశారు. రెండు రోజులకు మారుస్తాను, ముఖలింగం ముందు ఆదివారం. ఫోన్లో తీస్తే కిటికీ తెల్లగా పాలిపోతోందని విన్నాను, ఏం చెయ్యాలి? “వాటికన్ తర్వాత ఇదే పెద్దది” అంటారు, నిజమేనా?

సీసం_పట్టీ:
చీకటి గోడని చూసి ఫోను వెలుతురు పెంచేస్తుంది, అందుకే పాలిపోతుంది. కిటికీలో అన్నిటికంటే లేత గాజు మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. గోడ నల్లబడితే పడనివ్వండి. ఫ్లాష్ వద్దు, గాజు వెనక నుంచి వెలగాలి గానీ ముందు నుంచి కాదు. ఫోను పైకి ఎత్తి తీస్తే కమాను వెనక్కి వాలినట్టు వస్తుంది. వెనక్కి నడిచి, ఫోను నిటారుగా పట్టుకుని తీసి, అడుగుభాగం తర్వాత కత్తిరించుకోండి.

ముఖలింగం_రాయి:
వాటికన్ మాట డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) పరిధి గురించి పుట్టింది, కట్టడం సైజు గురించి కాదు. పిల్లల నోట్సులో 200, 100, 175 అడుగులే రాయించండి. వెళ్లేటప్పుడు లోపలి నేల మీద మొజాయిక్ కూడా చూపించండి, తల పైకెత్తి నడిచేవాళ్లు దాన్ని తొక్కుకుంటూ పోతారు.