దుబాయ్ వచ్చి రెండు నెలలైంది, ఫ్లాట్ కొంటే గోల్డెన్ వీసా అంటున్నారు, కొనేయమంటారా?

కొత్తగా వచ్చినవాడిని:

అందరికీ నమస్కారం. కంపెనీ వీసా మీద అక్టోబరు 9న దుబాయ్ వచ్చాను. డిస్కవరీ గార్డెన్స్‌లో ఒక తెలుగాయన ఫ్లాట్‌లో గది తీసుకుని ఉంటున్నాను. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు ఇంకా సంగారెడ్డిలోనే ఉన్నారు. ఏప్రిల్‌లో ఊళ్లో పొలం అమ్మాం, కొంత నా పేరున, కొంత మా ఆవిడ పేరున ఉండేది, ఇద్దరి ఖాతాల్లో కలిపి ఐదు కోట్లున్నాయి. ఆ సంగతి ఎవరు చెప్పారో తెలీదు కానీ ఆఫీసులో చేరిన మొదటి వారం నుంచే ఒక బ్రోకరు ఫోన్ల మీద ఫోన్లు. రెండు మిలియన్ల దిర్హామ్‌ల ఫ్లాట్ తీసుకుంటే ఫ్యామిలీ మొత్తానికి పదేళ్ల వీసా, ఇండియాలో ఇక టాక్స్ గొడవే ఉండదు, ఈ నెలాఖరులోపు బుక్ చేస్తే రిజిస్ట్రేషన్ ఫీజు కూడా మాఫీ అంటున్నాడు. డబ్బు హైదరాబాద్‌లోనే వాళ్ల మనిషికి రూపాయల్లో ఇస్తే చాలట, ఇక్కడ దిర్హామ్‌లు వాళ్లే చూసుకుంటారట. ఇంకోపక్క మా బావమరిది 23 లక్షలకే జీవితాంతం వీసా వస్తుంటే ఐదు కోట్లెందుకు బావా అని వాట్సాప్‌లో ఒకటే పోరు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇక్కడ పాతవాళ్లు ఏమంటారు?

కరామా పాత నివాసి:

ముందు మీ బావమరిది సంగతి తేల్చేద్దాం తమ్ముడూ. ఆ 23 లక్షల వార్త 2025 జూలైలో వచ్చింది, లక్ష దిర్హామ్‌లు కడితే ఇండియా వాళ్లకు లైఫ్‌టైమ్ గోల్డెన్ వీసా అని. మన టీవీల్లో కూడా మోగిపోయింది. రెండు రోజులు తిరక్కుండానే ఇక్కడ ఐసీపీ, అంటే వీసాలు, ఎమిరేట్స్ ఐడీలు చూసే ఫెడరల్ అథారిటీ, అలాంటిదేమీ లేదని ప్రకటన ఇచ్చింది. జీవితాంతం అనే మాటే గోల్డెన్ వీసాలో లేదు. అది పదేళ్లది, అర్హత నిలిస్తే రెన్యూ అవుతుంది. అర్హత పోతే, అంటే ఆ ఫ్లాట్ అమ్మేసుకుంటే, వీసా కూడా దాంతోనే పోతుంది. సిటిజన్‌షిప్‌కి దీనికి ఏ సంబంధమూ లేదు.

వీసా చెడ్డదని కాదు నేననేది. నా దగ్గరా ఉంది. మామూలు రెసిడెన్సీ ఉన్నవాడు ఆరు నెలలు దాటి బయట ఉంటే వీసా రద్దు, దీనికి ఆ బాధ లేదు. ఉద్యోగం పోయినా వీసా పోదు, ఎవడి స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేదు. మా నాన్నగారికి ఒంట్లో బాగాలేక నేను ఏడు నెలలు రాజమండ్రిలో ఉండిపోయిన ఏడాది దాని విలువ తెలిసింది. కానీ అది నేను ఇక్కడికొచ్చిన పద్దెనిమిదేళ్లకు తీసుకున్న వీసా. రెండు నెలలకే నువ్వు తీసుకుని ఏం చేస్తావు? ఈ ఎండ నీకు పడుతుందో లేదో, పిల్లలకు స్కూలు ఎక్కడ దొరుకుతుందో, మేనేజరు ఎలాంటివాడో కూడా ఇంకా తేలలేదు. కొని ఏడాది తిరక్కుండా అమ్ముకుని ఇంటికి పోయినవాళ్లను చూశాను.

ఇప్పుడు లెక్క. రెండు మిలియన్లు అన్నది ఫ్లాట్ విలువ మాత్రమే. దానిమీద ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కి 4 శాతం, అంటే 80,000. బ్రోకరుకు మామూలుగా 2 శాతం, 40,000, దానిమీద 5 శాతం వ్యాట్ 2,000. రిజిస్ట్రేషన్ చేసే ట్రస్టీ ఆఫీసుకు వ్యాట్‌తో కలిపి 4,200. అంతా కలిపితే 1,26,200 దిర్హామ్‌లు. ఈ రోజు రేటు 24 రూపాయల 50 పైసలు అనుకుంటే ఫ్లాటుకే 4 కోట్ల 90 లక్షలు, ఈ పైఖర్చులు ఇంకో 31 లక్షలు. నీ దగ్గరున్నది ఐదు కోట్లు. ఇంకా వీసా ఫీజులు, మెడికల్, ఇన్సూరెన్స్, ఇంట్లోకి ఒక మంచం కూడా కొనలేదు చూడు.

ఆ ఫీజు మాఫీ సంగతి. ప్రభుత్వం ఎవరికీ మాఫీ చేయదు. బిల్డరు తను కడతానంటాడు, ఆ డబ్బు ఫ్లాటు ధరలోనే ఉంటుంది. అలాంటి ఆఫర్ వినిపించిందంటే అది ఇంకా కట్టని ఫ్లాట్ అని అర్థం, అదేమో బ్రోకరు నీకు చెప్పినట్టు లేదు. ఇంకా కట్టనివి అన్నీ మోసమని అననుగానీ, 2008 మొదట్లో నేనూ ఒకటి బుక్ చేశాను. పది శాతం కట్టాను. శుక్రవారం శుక్రవారం మా ఆవిడను కారెక్కించుకుని వెళ్లి చూసొచ్చేవాణ్ని, చుట్టూ నీలం రేకులు, మధ్యలో గొయ్యి, గొయ్యిలో నీళ్లు, గట్టున ఒక కాపలా మనిషి. రెండేళ్ల తర్వాత కూడా అదే గొయ్యి, అదే కాపలా మనిషి, రేకుల రంగు మాత్రం వెలిసిపోయింది. ఆ రోజుల్లో ఊళ్లో ధరలు సగానికి సగం పడిపోయాయి. కొనేవాళ్ల డబ్బు ఎస్క్రో ఖాతాలోనే, అంటే బిల్డరు ఇష్టమొచ్చినట్టు తీసి వాడుకోలేని విడి ఖాతాలోనే, ఉండాలన్న చట్టం అప్పటికి వచ్చి ఏడాదే అయింది. ఇప్పుడు చాలా మెరుగు. దుబాయ్ రెస్ట్ అనే యాప్ ఉంది, ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందో, బ్రోకరుకు లైసెన్సు ఉందో లేదో అందులోనే కనపడుతుంది. మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆయన రేరా నంబరు, అంటే ఆ బ్రోకరు లైసెన్సు నంబరు, అడుగు.

షార్జా అక్క:

మీ పోస్టు చదివితే మీకు కావలసింది గోల్డెన్ వీసా కాదు, భార్యా పిల్లలు అనిపించింది 🙂 వాళ్లను తెచ్చుకోవడానికి ఐదు కోట్లు అక్కర్లేదండి. మామూలు కంపెనీ వీసా మీదే నెలకు 4,000 దిర్హామ్‌ల జీతం ఉంటే, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లిస్తే, ఫ్యామిలీని స్పాన్సర్ చేయవచ్చు. రేపు ఎప్పుడైనా మీ బేసిక్ జీతం 30,000 దాటి, డిగ్రీ అటెస్టేషన్ అయి ఉండి, లేబర్ కాంట్రాక్టులో హోదా పై కేటగిరీల్లో ఉంటే ఫ్లాట్ లేకుండా ఉద్యోగం మీదే గోల్డెన్ వీసా వస్తుంది. బేసిక్ అని గమనించండి, అలవెన్సులన్నీ కలిపి ముప్పై వేలైతే లాభం లేదు. మా వారికి అక్కడే ఆగింది, రెండుసార్లు.

అసలు కష్టం మ్యారేజ్ సర్టిఫికెట్ దగ్గర వస్తుంది. మీ పెళ్లి రిజిస్టర్ అయిందా? మనలో చాలామందికి శుభలేఖ, ఆల్బమ్ తప్ప ఇంకేం ఉండదు. ఏ వీసా అయినా ఆ సర్టిఫికెట్ కావాలి, దానిమీద రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, మన విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ కాన్సులేట్ ముద్ర, ఇక్కడికొచ్చాక మోఫా, అంటే యూఏఈ విదేశాంగ శాఖ, ముద్ర. ఫ్లాట్ ఇద్దరి పేరున కొని రెండు మిలియన్లు కలిపి చూపించాలన్నా ఇదే కాగితం అడుగుతారు. కాబట్టి ఆ పని ఈ రోజే మొదలుపెట్టండి, ఫ్లాట్ ఎక్కడికీ పోదు.

లెక్కల మాస్టారు:

డబ్బు ఇక్కడికి తెచ్చే సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను, కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

హైదరాబాద్‌లో రూపాయలిస్తే ఇక్కడ దిర్హామ్‌లిస్తామన్నది పచ్చి హవాలా. పట్టుబడితే ఫెమా, అంటే మన విదేశీ మారక చట్టం, కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. అంతకంటే ముందు, రేపు ఫ్లాట్ అమ్మి డబ్బు ఇండియాకు తీసుకెళ్లాలన్నప్పుడు ఇది ఎలా బయటికొచ్చింది అని అడిగితే మీ దగ్గర చూపించడానికి ఒక్క కాగితం ఉండదు. ఆ బ్రోకరుతో ఇక మాట్లాడకండి, అంతే.

సరైన దారిలో రెండు రకాలున్నాయి. ఇండియాలో ఉంటున్న మనిషి ఎల్‌ఆర్‌ఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంకు స్కీము, కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లు పంపవచ్చు. దిర్హామ్ డాలరుకు 3.6725 దగ్గర 1997 నుంచి కట్టేసి ఉంది కాబట్టి అది 9,18,125 దిర్హామ్‌లు. భార్యాభర్తలిద్దరూ పంపినా 18,36,250, రెండు మిలియన్లకు చాలదు. అందుకే చాలామంది సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో పంపుతుంటారు. పైగా 10 లక్షలు దాటిన దానిమీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అని ముందస్తు టాక్స్ పట్టుకుంటుంది. డాలరు 90 రూపాయలనుకుంటే ఒక్కరి 2,50,000 డాలర్ల మీద 43 లక్షలు. రిటర్న్ వేశాక వెనక్కి వస్తుంది, లేదా కట్టాల్సిన టాక్స్‌లో సర్దుకుంటారు, కానీ అన్నాళ్లు ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

మీకు ఈ దారే అక్కర్లేదు. ఉద్యోగానికని దేశం దాటిన రోజు నుంచే ఫెమా లెక్కలో మీరు నాన్ రెసిడెంట్. అంటే మీ మామూలు సేవింగ్స్ ఖాతాను ఈపాటికే ఎన్‌ఆర్‌ఓగా, అంటే నాన్ రెసిడెంట్ల రూపాయి ఖాతాగా, మార్పించి ఉండాలి, రెండు నెలలైనా మార్చలేదని నా అనుమానం. మార్చాక ఆ ఎన్‌ఆర్‌ఓ నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, టీసీఎస్ లేదు. సీఏ సర్టిఫికెట్ కావాలి, 15సీబీ అంటారు, ఆ పైన మీరు 15సీఏ అనే ఫారం వేయాలి. సీఏ మొట్టమొదట అడిగేది పొలం అమ్మిన దస్తావేజు, పాస్‌బుక్కు. అది పల్లెటూరి వ్యవసాయ భూమా, మున్సిపాలిటీ హద్దుకు దగ్గరదా అన్నదాన్ని బట్టి క్యాపిటల్ గెయిన్స్ పడుతుందో లేదో తేలుతుంది. మీ ఆవిడ ఇండియాలో ఉన్నంతకాలం ఆమెకు ఎల్‌ఆర్‌ఎస్, టీసీఎస్ తప్పవు. ఆమె ఇక్కడికొచ్చి కాపురం పెట్టాక ఆమె ఖాతా కూడా ఎన్‌ఆర్‌ఓ అవుతుంది, ఆ 43 లక్షల గొడవ పోతుంది. తొందరపడితే ఎవరికి లాభమో మీరే చూడండి.

ఇండియాలో టాక్స్ ఉండదన్న ముక్క. వీసా చూసి మన ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు ఎవర్నీ ఎన్‌ఆర్‌ఐ అనరు, రోజులు లెక్కపెడతారు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30కే 183 రోజులైపోయాయి, మీరు విమానమెక్కింది అక్టోబరు 9న. కాబట్టి ఈ ఆర్థిక సంవత్సరానికి మీరు రెసిడెంటే, ఇక్కడి జీతం కూడా అక్కడి రిటర్న్‌లో చూపించాలి, ఇక్కడ తెరిచిన బ్యాంకు ఖాతాతో సహా. ఫెమాకు నాన్ రెసిడెంట్, టాక్స్‌కు రెసిడెంట్, రెండూ ఒకే మనిషి. నా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

అల్ నహ్దా నుంచి:

మాస్టారు అన్నీ చెప్పేశారు, నాది చిన్న అనుభవం. పోయిన ఏడు ఒక చిన్న ఫ్లాట్ కొన్నాను, 1,100 చదరపు అడుగులు. సర్వీస్ ఛార్జీ అడుగుకు 14 దిర్హామ్‌లు, ఏడాదికి 15,400. అద్దె లెక్క వేసుకున్నప్పుడు దీన్ని మర్చిపోయాను. దాంతోపాటు ఏసీకి డిస్ట్రిక్ట్ కూలింగ్, అంటే ఏరియా మొత్తానికి ఒకేచోట నుంచి వచ్చే చల్లదనం, బిల్లు, ఫ్లాట్ ఖాళీగా తాళం వేసి ఉన్న రెండు నెలలు కూడా డిమాండ్ ఛార్జీ అని, వాడినా వాడకపోయినా కట్టేది, వచ్చింది. ఎండాకాలంలో ఇంట్లో లేకపోయినా చల్లదనానికి డబ్బు కట్టిన మొనగాణ్ని నేనే. కొనే ముందు కనీసం ఒక ఏడాది ఆ ఏరియాలోనే అద్దెకుండి చూడండి.

ఇంకోటి, మీ ఇద్దరి పేరున ఏ ఆస్తి కొన్నా వెంటనే ఇక్కడి డిఐఎఫ్‌సీ (దుబాయ్ ఇంటర్నేషనల్ ఫైనాన్షియల్ సెంటర్) కోర్టుల్లో విల్లు రిజిస్టర్ చేయించండి. ముస్లిమేతరులకు 2015 నుంచి ఆ సౌకర్యం ఉంది. బ్రోకర్లు దీని ఊసెత్తరు.

లిస్బన్ నుంచి:

దుబాయ్ గురించి నాకు తెలీదు గానీ వీసా కోసం ఇల్లు కొనడం గురించి తెలుసు. పోర్చుగల్‌లో ఇల్లు కొంటే వచ్చే గోల్డెన్ వీసాను 2023 అక్టోబరులో తీసేశారు. పక్కనే స్పెయిన్ 2025 ఏప్రిల్ 3న మొత్తం స్కీమే మూసేసింది. మీ దగ్గర వీసాకు పెట్టాల్సిన డబ్బు పరిమితులు తగ్గుతున్నట్టున్నాయి, ఇక్కడేమో తలుపులే మూస్తున్నారు. ఏదైనా ఈ రోజు రూలు పదేళ్ల తర్వాత ఉంటుందని నమ్మి ఉన్నదంతా పెట్టకండి.

కరామా పాత నివాసి:

మర్చిపోయాను. వీసా ఒక్కటే కావాలంటే దుబాయ్‌లో 7,50,000 దిర్హామ్‌ల ఆస్తి మీద రెండేళ్ల ఇన్వెస్టర్ వీసా కూడా ఉంది. నీకు ఉద్యోగం ఉంది కాబట్టి అదీ ఇప్పుడు అక్కర్లేదు. తెలుసుకుని ఉంటావని చెప్తున్నా.

కొత్తగా వచ్చినవాడిని:

అందరికీ చాలా థ్యాంక్స్. బ్రోకరుకు ఫోన్ చేసి రేరా నంబరు అడిగాను. మీటింగ్‌లో ఉన్నాను, అయిదు నిమిషాల్లో చేస్తానన్నాడు, ఇది నిన్న మధ్యాహ్నం మాట. రోజుకు నాలుగుసార్లు చేసేవాడు ఇప్పటికీ చేయలేదు. మాస్టారూ, మీ అనుమానం నిజమే, ఖాతా మార్చలేదు, బ్యాంకు ఫారాలు డౌన్‌లోడ్ చేశాను. ఫ్లాట్ మాట వచ్చే ఏడాది చూద్దామని మా ఆవిడకు చెప్పాను, ఆమె మరీ సంతోషించింది, బావమరిది మాత్రం అలిగాడు.

అక్కా, మా పెళ్లి రిజిస్టర్ కాలేదు. మామగారు శుభలేఖ వెతికి తీశారు. నేను ఇక్కడుండగా వాళ్లే వెళ్లి చేయించవచ్చా? ఇంకోటి, శుభలేఖలో మా ఆవిడకు పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో నా ఇంటిపేరు ఉంది.

షార్జా అక్క:

కుదరదండి, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఇద్దరూ ఉండాలి, సాక్షులు కూడా. సంక్రాంతికి ఎలాగూ వెళ్తారుగా, పండక్కి ముందే ఒక పనిదినం దానికి పెట్టుకోండి, పండగ రోజుల్లో ఆఫీసులో ఎవరూ దొరకరు. శుభలేఖలో పాత ఇంటిపేరు ఉంటే ఫర్వాలేదు. సర్టిఫికెట్‌లో మాత్రం ఆవిడ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఒక్క అక్షరం తేడా లేకుండా పడిందో లేదో అక్కడే, కౌంటరు ముందే నిలబడి చూసుకోండి. మాకు ఇంగ్లీషులో ఒక హెచ్ ఎక్కువ పడి, అటెస్టేషన్ మొత్తం మళ్లీ చేయించాం.